తీరిక యెవరి సొత్తు?

లోకమున బ్రతుకుతెరువునకై యొక పనియు, మనసునకు నచ్చుటచేత మరియొక పనియు చేయువారు పలువురు కలరు. పగలెల్ల దుకాణమున లెక్కలు వ్రాసి రాత్రి వీణ వాయించువాడు కలడు. కచేరీలో కాగితములు తిరుగవేసి యింటికి వచ్చి గులాబీ అంట్లు కట్టువాడు కలడు. వీరి నెవ్వరును నిందింపరు; వీరును లోకమును నిందింపరు. గులాబీ పూచిన చాలును. దానిని పల్లకి నెక్కించి యూరేగింపవలయునని తోటవాడు కోరడు. తీరికవేళల రచన సాగించువాని స్థితి యిట్టిది కాదు. అతడు వ్రాసినదానిని పరులు చదువవలయును, చదివి మెచ్చవలయును, మెచ్చి యామాట నతనికి తెలుపవలయును. ఈ మూటిలో నేది తప్పినను అతడు లోకముపై అలుగును. మేమును ఆ జాతివారమే. కావున ఈ అలుక యెంతవరకు న్యాయమో విచారించి చూడ సాహసించుచున్నాము.

ఔత్సాహిక రచయిత దినచర్య చదువరులకు తెలియనిది కాదు. ప్రతి బంధువర్గమునందును అట్టివాడొకడుండును. ఉదయమున పాఠశాలకు పోవుచుండగా బస్సులో నొక వాక్యము తోచును. అది సర్వాంగసుందరముగ నుండును. బస్సు దిగునప్పటికి అందులోని క్రియాపదము జారిపోవును. మధ్యాహ్నము పిల్లలకు సంధిసూత్రము బోధించుచుండగా ఆ క్రియాపదము మరల స్ఫురించును. కాని నలువదిమంది పిల్లలు కనిపెట్టి చూచుచుండగా జేబులోని కాగితము తీయుట యెట్లు? రాత్రి భోజనములైన పిమ్మట, ఇంటివారు నిద్రించి, వీథిలో సద్దడగి, రేవునుండి ఓడకూత యొకటి వినవచ్చు వేళకు బల్లయొద్ద కూర్చుండును. అప్పుడు వాక్యము రాదు, నిద్ర వచ్చును.

ఎట్లో కథ పూర్తియైనదనుకొందము. దానిని పత్రికకు పంపవలయును. పూర్వము స్టాంపులంటించిన కవరును జతపరచి పంపెడివారు. కథ నచ్చనిచో తిరిగి వచ్చెడిది. తిరిగి వచ్చినదనెడి దుఃఖమైనను నిశ్చయముగ లభించెడిది. ఇప్పుడు చేతిలోని ఫోనునుండియే పంపుచున్నాము. చేరినదో లేదో, చదివిరో లేదో తెలియదు. ఉన్న పుటలును తగ్గుచున్నవి. 1924లో పుట్టి తెలుగువారి ప్రౌఢరచనల కాటపట్టైన 'భారతి' 1991లో ఆగిపోయినది. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన పిమ్మట మరికొన్ని పత్రికలు ముద్రణ చాలించినవి. పుటలు తగ్గినవి కాని వ్రాయువారు తగ్గలేదు. కావున మాబోటివాడు తుదకు సొంతసొమ్ము వెచ్చించి అయిదువందల ప్రతులు అచ్చు వేయించును. సభ జరుగును. శాలువ కప్పుదురు. వక్తగారు పుస్తకమును చదువ తీరలేదని మొదటనే యొప్పుకొని, ముఖచిత్రమును మాత్రము ముక్తకంఠముతో కొనియాడుదురు. నూరు ప్రతులు ఉచితముగ పంచబడును. మిగిలిన నాలుగువందలును కట్టలుగా మంచముక్రింద చేరి, ఇల్లు తుడుచునపుడెల్ల ఇల్లాలిచే అటు నిటు జరుపబడుచుండును.

ఆ జరుపు చేతిని గూర్చియే ఈ వ్యాసము. కాని ఆ సంగతి మాకు తోచుటకు చాలకాలము పట్టినది. అంతవరకు మేము లోకమునే తప్పుపట్టుచుంటిమి.

కావ్యమెందులకను ప్రశ్నకు మన యాలంకారికులు ఎన్నడో సమాధానము చెప్పియున్నారు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున నుండిన మమ్మటుడు తన కావ్యప్రకాశమున ఆరు ప్రయోజనముల నెన్నెను. కీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము, అమంగళనివారణము, తత్క్షణానందము, ప్రియురాలు చెప్పినట్లు హృద్యముగ చెప్పబడు హితము అనునవి యవి. కీర్తికి కాళిదాసు నుదాహరించెను. అమంగళనివారణమునకు సూర్యుని స్తుతించిన మయూరుని పేర్కొనెను. ఈ పట్టికను ముందిడుకొని మా లెక్క సరిచూచుకొంటిమి. కీర్తి యందుమా, మేము రచయితలమని మా వీథి చివరి కిరాణా కొట్టువానికి తెలియదు. ధనము వచ్చినదానికంటె పోయినది యెక్కువ. లోకజ్ఞానము చదువరికి కలుగవలసినది. ముందు చదువరి దొరకవలయును కదా. మయూరుని వ్యాధి పోయినదందురు. మాకు రాత్రులు మేల్కొనుటచేత కన్నులమంట క్రొత్తగ వచ్చినది. మిగిలినది తత్క్షణానందము. అది మాత్రము సత్యము. ఒక వాక్యము కుదిరినపుడు కలిగెడి సంతోషము అబద్ధము కాదు. దానికి పత్రికాసంపాదకుని యంగీకారము అక్కరలేదు. ఆరవదగు ప్రియురాలి హితమును గూర్చి ముందు చెప్పెదము.

అనుభవించిన యానందమొకటి చేతనుండగా అలుక యేల? మేము వెచ్చించిన కాలమునకు లోకము ప్రతిఫల మీయలేదని కదా మా ఫిర్యాదు? ఇక్కడనే ఒక సందేహము పుట్టినది. మేము వెచ్చించితిమనుకొనుచున్న ఆ కాలము నిజముగ మాదేనా?

ఇంగ్లీషువారు పాఠశాలను 'స్కూల'ందురు. ఆ మాటకు మూలమైన గ్రీకుపదమునకు తీరిక యని యర్థము. పొట్టకూటి పనినుండి విముక్తుడైనవాడు విద్యను చర్చించుచోటు పాఠశాల యైనదన్నమాట. ఇరువదియేండ్లుగా పాఠశాలలో తీరికయన్నది యెరుగని మాకు ఈ వ్యుత్పత్తి పరిహాసముగ తోచును. అది యట్లుండనిండు. ప్రాచీన గ్రీసుదేశమున పౌరునకు ఆ తీరిక ఆకాశమునుండి పడలేదు. అతని పొలము బానిసలు దున్నిరి; అతని యిల్లు స్త్రీలు నడపిరి. అతడు సత్యమును గూర్చి చర్చించుచుండగా అతని కూడు వేరొకరు వండుచుండిరి. ఒకని తీరిక తరచుగా వేరొకరి పనిచేత కొనబడినదే. అది నేటికిని మారలేదు.

ఈ ఋణమును వ్రాతపూర్వకముగ నొప్పుకొన్న రచయితలు అరుదు. అట్టివారిలో నొకడు ఆంగ్ల నవలాకారుడగు ఆంథొనీ ట్రాలొప్. ఇతడు తపాలాశాఖలో నుద్యోగము చేయుచు, తెల్లవారుజామున అయిదున్నరకే బల్లయొద్ద కూర్చుండి, కచేరీకి పోవుటకు ముందే తన వ్రాత ముగించెడివాడు. గడియారమును ముందుంచుకొని పదునైదు నిమిషములకు ఇన్నూట యేబది మాటల చొప్పున వ్రాసెడివాడట. ఇతని నియమమును మెచ్చుకొనువారు పెక్కుమంది. కాని అతని మరణానంతరము 1883లో వెలువడిన స్వీయచరిత్రమున ఇంతకంటె విలువైన సంగతి యొకటి కలదు. అతనిని ప్రతిదినమును నిద్రలేపి కాఫీ తెచ్చి యిచ్చుటకు వృద్ధుడగు సేవకుడొకడుండెను. ఆ పనికై యతనికి ఏటికి అయిదు పౌనులు అదనముగ నిచ్చెడివాడు. అన్ని సంవత్సరములలోను ఆ సేవకు డొక్కనాడైనను ఆలస్యము చేయలేదనియు, తన విజయమునకు ఇతరులందరికంటె అతనికే యెక్కువ ఋణపడియుంటినేమో యనియు ట్రాలొప్ వ్రాసికొన్నాడు. అయిదున్నరకు లేచిన రచయితను లోకము స్మరించుచున్నది. అతనిని లేపుటకు అంతకుముందే లేచినవాని పేరు సామాన్యముగ నెవ్వరికిని తెలియదు.

ట్రాలొప్ జీతమైన నిచ్చెను. జీతము లేని సేవ యింటింటను కలదు. రష్యా దేశమున టాల్‌స్టాయి 'యుద్ధము–శాంతి' యను మహాగ్రంథమును వ్రాయుచుండగా, కొట్టివేతలతో నిండిన యాతని వ్రాతప్రతులను పలుమార్లు శుభ్రముగ తిరిగి వ్రాసి యిచ్చినది భార్యయగు సోఫియా. మన యాంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినపుడు ఊరు వెలివేసినది. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు మానిరి. అప్పుడు గోదావరినుండి నీరు తెచ్చి వంట నడపినది రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి కలమునకు శత్రువులును మిత్రులును లెక్కకు మిక్కిలిగ నుండిరి. ఆ కలము నడచుటకు కడవ నడిచినదని గుర్తించినవారు కొలదిమంది.

కడవ మోసినవారిలో కలము పట్టగలవా రుండిరా యని యడుగవచ్చును. ఉండిరి. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు బాల్యముననే వివాహితయై, భర్త యుద్యోగరీత్యా తెలుగుదేశమునకు దూరముగ మధ్యపరగణాలలో నివసించెను. ఆమెకు చదువు నేర్పినది తమ్ముడగు కొమర్రాజు లక్ష్మణరావుగారు. తమ్ముని చదువు వెంట తానును చదివికొని, 1901లో 'అబలాసచ్చరిత్రరత్నమాల'ను ప్రకటించెను. 1902లో 'ధనత్రయోదశి' మొదలగు కథలు వ్రాసెను. 1905లో ముప్పదియొకటవ యేట మరణించెను. ఈమె పొందిన తీరిక యెంత? మేము బస్సులో పోగొట్టుకొను క్రియాపదమునకై చేసెడి రోదన ఈమె ముందు చేయదగినదేనా? ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫు 1929లో, స్త్రీ రచన చేయవలెనన్న ఏటికి అయిదువందల పౌనుల రాబడియు తనదంటూ ఒక గదియు ఉండవలెనని వాదించెను. అచ్చమాంబగారికి గది యుండెనో లేదో కాని, ఆమె తరువాతి కాలమున మన యిండ్లలో గదులు పెరిగినవి. ఏ గది యెవరిదను ప్రశ్నకు మాత్రము సమాధానము అంతగ మారలేదు.

ఇంతవరకు పుస్తకజ్ఞానము. పుస్తకజ్ఞానమువలన మాకు బుద్ధి వచ్చినదని చెప్పినచో అసత్యమగును. బుద్ధి వచ్చిన విధము వేరు. అది చెప్పుకొనుటకు కొంత సిగ్గుగ నున్నను చెప్పెదము.

మా విశాఖపట్టణము గూర్చి చదువరులకు తెలియును. 1933లో రేవు తెరువబడినది. 1966లో ఉక్కు కర్మాగారమునకై ఆంధ్రదేశమెల్ల ఆందోళన చేసినది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతి కంకితమైనది. ఈ తేదీల నడుమ, ఆ భూములపైనున్న పల్లెలవారు ఇండ్లను విడిచి గాజువాక ప్రాంతమున క్రొత్తగ ఏర్పడిన కాలనీలకు తరలిరి. నిర్వాసితులని గుర్తింపుగా వారికి 'ఆర్-కార్డు' లిచ్చిరి. మా మామగారు వారిలో నొకరు. ఆ కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టె యడుగున దాచియుంచిరి. పండుగలకు పోయినపుడెల్ల వారు చెప్పిన సంగతులను మేము శ్రద్ధగ వినుచుంటిమి. మా శ్రద్ధను వారు అల్లుని మర్యాద యనుకొనిరి. మేము కథ కూర్చుకొనుచుంటిమి.

కథ వ్రాసితిమి. అందు సూరమ్మ యను ముసలమ్మ క్రొత్త కాలనీలో తెల్లవారుజామున కుళాయియొద్ద నీరు పట్టుచు, పాత యూరి చెరువును తలచుకొని పాట పాడును. ఆమె మగడు ఆర్-కార్డును గుండెకు హత్తుకొని వెక్కివెక్కి యేడ్చును. ఈ భాగము వ్రాయునపుడు మాకును కన్నీరు వచ్చినది. అది గొప్ప లక్షణమని నమ్మితిమి. కథ యొక పత్రికలో అచ్చయినది. నెలదినములు గడచినను ఒక్క యుత్తరమైనను, ఒక్క ఫోనైనను రాలేదు. ఒకనాటి రాత్రి భోజనము చేయుచు, ఈ దేశమున చదువరి చచ్చినాడని మా యిల్లాలితో వాపోయితిమి.

ఆమె చేతులు తుడుచుకొని, "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి," అనెను. అప్పటివరకు ఆ కథను ఆమెకు చూపలేదని మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆమె నిలువబడియే చదివెను. చదివి మెల్లగ ఇట్లనెను:

"ఏమండీ, ఈ సూరమ్మ కుళాయి దగ్గర పాట పాడుతుందని రాశారు. మా కాలనీలో కుళాయి ముప్పావుగంట వచ్చేది. వెనకాల పదిహేను బిందెలుండేవి. బిందె నిండుతోందో లేదో చూసుకోవడం, పక్కావిడ ముందుకు జరపకుండా చూసుకోవడం. పాటెక్కడ పాడతారండీ?"

మేము మాటాడలేదు. ఆమె మరల పుట త్రిప్పెను.

"మా నాన్న కార్డు పట్టుకుని ఏడ్చాడని రాశారు. ఆయన ఏడవలేదు. కొత్తింటికి గుమ్మం ఎంత ఎత్తు పెట్టాలో అని ఆవేళంతా మేస్త్రీతో దెబ్బలాడేడు. పాతింటి గుమ్మమంత ఎత్తు ఉండాలని ఆయన పట్టు. నేను చిన్నదాన్నే గానీ నాకు బాగా గుర్తు. మీరు నన్ను అడగలేదు."

ఈ చివరిమాట నిష్ఠురముగ ననలేదు. ఉప్పు తక్కువైనదని చెప్పినట్లు చెప్పి, కంచములు తీసికొని లోనికి పోయెను.

ఆ రాత్రి మేము వ్రాయలేదు. గుమ్మముకొరకు మేస్త్రీతో కలహించిన మనుష్యుడు మా కథలోని యేడ్చు మనుష్యునికంటె ఎంత గొప్పవాడో తలచుకొనుచు కూర్చుంటిమి. పోయినదానిని గూర్చి యేడ్చుట యెల్లవారికిని తెలియును. పోయినదాని యెత్తును జానలతో కొలిచి క్రొత్తచోట నిలుపబూనుట నిజమైన దుఃఖమునకే తెలియును. ఆ సత్యము మా యింటిలోనే, మాకు అన్నము వడ్డించుచు, పదునైదేండ్లుగా తిరుగుచున్నది. మేము దానిని దాటి వెళ్లి కల్పనను వెదకితిమి. మమ్మటుడు చెప్పిన ఆరవ ప్రయోజనము అప్పుడు స్ఫురించినది. కావ్యము ప్రియురాలివలె హితము చెప్పవలెనని ఆలంకారికులు వేయేండ్లుగా బోధించుచున్నారు. మేము బళ్లో ఆ మాటకు వ్యాఖ్యానము చెప్పితిమి కూడ. ఇంటనున్న ప్రియురాలు ఏమి చెప్పునో వినవలెనని మాత్రము తోచలేదు. కారణము స్పష్టము. మేము కోరినది తెలియని చదువరి పొగడ్త. తెలిసిన చదువరి సవరణ మాకక్కరలేకపోయినది.

అంతట చేతిలో కలము నూరకుండనీయక లెక్క యొకటి వేసితిమి. రాత్రికి గంట చొప్పున పదునైదేండ్లు వ్రాసితిమి. అవి 5,475 గంటలు. ఆ గంటలలో పిల్లలను నిద్రపుచ్చినదెవరు? పాలు తోడుపెట్టి, మరునాటికి మినపప్పు నానవేసి, తలుపు గడియ వేసినదెవరు? మా తల్లికి జ్వరము వచ్చిన రాత్రులలో, "మీరు రాసుకోండి, నేను చూస్తాను," అన్నదెవరు? మేము వెచ్చించితిమని లోకముమీద దావా వేయుచున్న సొమ్ములో సగమునకు పైగా మాది కాదు. అరువు తెచ్చిన సొమ్ము అది. ఋణదాతకు రసీదైనను ఇయ్యలేదు. పైగా కథకు సరకును ఆమె పుట్టింటినుండియే తెచ్చితిమి. గంటయు ఆమెది, కథయు ఆమెది. పేరు మాత్రము మాది. ఇట్టివాడు లోకము తన కన్యాయము చేసినదని యేమొగముతో ననగలడు?

ఇక్కడ నొక యాక్షేపణము రాగలదు. "ఇట్లు ఋణముల లెక్క చూచినచో ఏ గ్రంథమును పుట్టదు. రచయితలందరును కలము పారవేసి వంటయింటికి పోవలయునా? కావ్యము నిలుచును, పాత్రలు కడిగిన సంగతి నిలువదు కదా?" ఇది త్రోసిపుచ్చదగిన యాక్షేపణము కాదు. మా పట్టణముననే దీనికి సాక్ష్యములు కలవు. 1910లో ఇక్కడ పుట్టిన శ్రీశ్రీగారు 1928లో 'ప్రభవ' ప్రకటించి, ఆ తరువాత కళాశాలలో డిమాన్‌స్ట్రేటరు పనియు, చెన్నపట్టణమున పత్రికలో ఉపసంపాదకత్వమును చేయుచు జీవించిరి. 1930లలో వ్రాసిన గేతములు 1950లో గాని 'మహాప్రస్థానము'గ పుస్తకరూపము దాల్చలేదు. రావిశాస్త్రిగారు పగలు న్యాయస్థానమున బీదల కేసులు వాదించి, ఆ బీదలనే కథలలో నిలిపిరి. వీరు తీరిక లేదని మానుకొనియుండినచో తెలుగుభాష యెంత బీదయై యుండెడిది! కావున కలము పారవేయుమని మేము చెప్పము. ఋణము చేయక యే గృహస్థును ఇల్లు కట్టలేడు. ఋణము చేయుట దోషము కాదు. ఋణమే లేదని బొంకుట దోషము. తీర్చు యత్నము చేయకుండుట అంతకంటె దోషము.

తీర్చుట యెట్లు? మాకు తోచిన మార్గములు మూడు.

మొదటిది సత్యము. ఎవరి బ్రతుకును మన కథకు వాడుకొందుమో వారిని ముందడుగవలయును. వ్రాసిన పిమ్మట వారికే ముందు చూపవలయును. వారు కాదన్న కన్నీటిని ఎంత యందమైనదైనను కొట్టివేయవలయును. ఆ కథను మేము తిరిగి వ్రాసితిమి. సూరమ్మ పాట పోయినది. పదునైదు బిందెలు వచ్చినవి. ముసలివాడు గుమ్మము కొలుచుచున్నాడు. మామగారికి చదివి వినిపింపగా వారు కథను గూర్చి యేమియు ననలేదు. "ఎత్తు రెండంగుళాలు తక్కువే పెట్టేడు వెధవ," అని మేస్త్రీని మాత్రము తిట్టిరి. ఇంతకంటె మంచి విమర్శ మాకింతవరకు లభింపలేదు.

రెండవది పరులను చదువుట. తన్ను చదువలేదని యేడ్చు రచయిత తాను పరులను చదివినది యెంత? ఈ విషయమున మాకు గురువు మా వృత్తివారే, మా యూరివారే. కాళీపట్నము రామారావు మాస్టారుగారు 1948నుండి 1979వరకు విశాఖలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులుగ నుండిరి. ఆ జీతముమీద సంసారము నడుపుచునే కథలు వ్రాసిరి. తమ వ్రాత తమకే తృప్తి గొలుపనపుడు కొన్నియేండ్లు కలమును ప్రక్కన బెట్టి మౌనముగ నుండిరి; ఆ మౌనము తరువాతనే 'యజ్ఞము' వచ్చినది. 1995లో కేంద్రసాహిత్య అకాడెమీ వారిని గౌరవించెను. ఇట్టివారు వార్ధక్యమున తమ సమగ్రసంపుటమునకు బంగారు అంచు దిద్దించుకొనవచ్చును. వారట్లు చేయక, తమకు వచ్చిన పురస్కారముల సొమ్మును వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22వ తేదీని శ్రీకాకుళమున 'కథానిలయము' స్థాపించిరి. తెలుగున వచ్చిన కథలన్నింటిని, పేరున్నవారివియు పేరులేనివారివియు, పాత పత్రికలలో వెదకి వెదకి సేకరించిరి. 2021లో పరమపదించువరకు ఆ పని వారిని వదలలేదు. ఒక్క కథ వ్రాసి మరువబడిన యే గుమాస్తాదో, యే గృహిణిదో పేరు ఆ బీరువాలలో నిలిచియున్నది. తన్ను చదువలేదని లోకముపై అలిగినవాడు చేయగల పని కాదిది. తానే చదువరి యైనవాడు చేయగల పని. అప్పటినుండి మేము వారమునకొక క్రొత్తవాని కథ చదివి, నచ్చినచో వానికి నాలుగు వాక్యములు వ్రాయ నియమము పెట్టుకొంటిమి. జవాబు వచ్చునపుడు వారి సంతోషము చూచినచో, చదువరి చావలేదనియు, రచయితలందరును వ్రాయుటలో మునిగి చదువరి పనికి సెలవు పెట్టినారనియు తోచుచున్నది.

మూడవది కాలమును కాలముతోనే తీర్చుట. ఇది వినుటకు సులభము. ఆదివారము ఉదయమున మూడు గంటలు ఇంటిపని మాదియనియు, ఆ వేళ ఆమెదే యనియు నిశ్చయించితిమి. సంస్కారాభిమానులమగుటచే కొంత గర్వముకూడ కలిగినది. ఆమెకు మంచి నోటుపుస్తక మొకటి కొని బల్లపై నుంచితిమి. గుమ్మము సంగతి అంత చక్కగ చెప్పిన మనిషి వ్రాయనారంభించినచో మమ్ము మించిపోవునని మా యాశ. మొదటి యాదివారము మేము ఉప్మా మాడ్చి బయటికి వచ్చి చూడగా ఆమె నిద్రించుచుండెను. రెండవ వారము చెల్లెలితో ఫోనులో మాటాడుచు నవ్వుచుండెను. మూడవ వారమును నిద్రించుచునే యుండెను. నాలుగవ వారమున మేముండబట్టలేక, "ఏమైనా రాశావా?" యని యడిగితిమి.

"ఎందుకండీ?" అనెను. "నాకు రాయాలని లేదు. పడుకోవాలని ఉంది."

మేము మరల సిగ్గుపడవలసి వచ్చినది. ఈసారి సిగ్గు మొదటిదానికంటె లోతైనది. మేము తిరిగి యిచ్చితిమనుకొన్న తీరికను నిజముగ ఈయలేదు, వడ్డీకిచ్చితిమి. ఆ గంటలకు ఫలము చూపవలెనని, అదియును మాకు నచ్చిన ఫలమే కావలెనని, నోటుపుస్తకమును సాక్షిగ నిలిపితిమి. మా 5,475 గంటలకు ఆమె యెన్నడైన లెక్క యడిగెనా? కథ యచ్చయినదా, యెంత వచ్చినదని నిలదీసెనా? అడుగకుండ నిచ్చినది కావుననే అది తీరిక యైనది. లెక్క చెప్పవలసిన తీరిక తీరిక కాదు. అది వేరొక కొలువు. స్త్రీలు చదువవలయును, వ్రాయవలయునని ఉపన్యసించు మాబోటివారు ఈ సూక్ష్మము నెరుగుట మంచిది. వారు వ్రాయుటకు త్రోవ నిరోధించుట యెట్లు దౌర్జన్యమో, వ్రాసి తీరవలెనని వారి విశ్రాంతిపై కాపలా కాయుటయు అట్లే దౌర్జన్యము. వ్రాయునో, నిద్రించునో, ఊరక కిటికీయొద్ద కూర్చుండునో, అది ఆమె యిష్టము. తీరిక యెవరి సొత్తను ప్రశ్నకు మాకు తెలిసిన సమాధానమింతియే. దానితో నేమి చేసితివని యెవరిని ఎవరును అడుగరాదో, అది వారి సొత్తు.

నోటుపుస్తకమును బల్లపైనుండి తీసివేసితిమి. అందు ఇప్పుడు పాలలెక్క వ్రాయబడుచున్నది.

ఇంతమాత్రమున మా అలుక పూర్తిగ తీరినదని చెప్పజాలము. క్రిందటి నెల నొక కథ పంపితిమి. ఇంకను జవాబు లేదు. దినమునకు రెండుమారులు ఫోను చూచుకొనుచునే యున్నాము. వాక్యము బస్సులో తోచుచునే యున్నది. క్రియాపదము జారుచునే యున్నది. కాని రాత్రి బల్లయొద్ద కూర్చుండునపుడు ఒక్క భేదము కలదు. ఈ గంట లోకమునకు మేమిచ్చిన దానమని యిప్పుడనుకొనము. మాకొకరిచ్చిన యప్పని యెరుగుదుము. అప్పు చేసి తెచ్చిన సొమ్మును మనుష్యుడు జాగ్రత్తగ వాడును. అబద్ధపు కన్నీటిపై దుబారా చేయుటకు చేయి రాదు. కీర్తి రాకున్నను, వ్రాత కొంత శుభ్రపడునేమో యని యాశ.

ఈ వ్యాసమును పంపుటకు ముందు ఆమెకు చూపితిమి. ఆమె చదివి, తన్ను గూర్చి మేము వ్రాసిన రెండు వాక్యములను కొట్టివేసినది. అవి మాకు మిక్కిలి ప్రియమైన వాక్యములు. ఏవో చదువరులకు చెప్పము. చెప్పినచో ఆమె కొట్టివేసిన శ్రమ వ్యర్థమగును కదా.